సార్ చూసిన జత

మిర్యాలగూడల మా బిడ్డకు కెమిస్ట్రీ చెప్పిన సార్ పోయిన సోమవారం తెల్లవారుజామున కోదాడలో కన్నుమూశారు. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయనకు ఇయ్యాలని తెచ్చిన పాలకోవా డబ్బాకు దారం కడుతున్న.

నేను ఏడో తరగతి దాకా చదివినోన్ని, ముప్పై ఏండ్లు బస్సు కండక్టర్‌గా చేసి మొన్ననే రిటైరైన. రాసుడు నా పని కాదు. అయినా ఒక్క మాట నలుగురికీ చెప్పకపోతే నాకు అన్నం సయించేటట్టు లేదు.

పదేండ్ల కింద మేము మిర్యాలగూడల ఉన్నప్పుడు బిడ్డ ఇంటర్ చదివింది. సార్ సుద్దముక్కను రెండుగా విరిచి, ఒక ముక్క పిల్లల చేతికి ఇచ్చేవారట. "నేను గీసింది చూడటం కాదు, నువ్వు గీసి చూడు" అనేవారట. అట్ల గీసీ గీసీ నా బిడ్డ హైదరాబాదుల మందుల కంపెనీలో కంప్యూటర్ ముందర కూర్చుంది. ఎంత సంబురపడ్డనంటే, బస్సెక్కిన ప్రతి ఒక్కరికీ చెప్పిన, ఒకరిద్దరికి టికెట్ కొట్టుడు మరిచి మరీ చెప్పిన.

ఆమె పని ఏందంటే, ఒకే పదార్థం లోపలి అమరిక బొమ్మను ఒకరొక తీరు, ఇంకొకరు ఇంకో తీరు గీస్తరు. కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ ఆ రెండూ ఒకటేనని పట్టుకొని ఒక్క తీరుకు తేవాలె. అట్ల తేలిన పదార్థాల జాబితా కింద బిడ్డ సంతకం. అనుమానం ఉన్నయి కాయితం మీద గీసుకొని, ఇప్పుడు మేముండే సూర్యాపేటకు వచ్చినప్పుడు సార్‌కు చూపియ్యమని నాకిచ్చేది. సార్ అప్పటికే రిటైరై కోదాడల ఉంటున్నరు. పోస్టుకంటే నా బస్సే జల్ది.

ఒకసారి కోదాడ బస్టాండు బెంచీ మీద సార్‌ను అడిగిన, ఒక్కటి రెండెట్లయితది అని. ఆయన నవ్వి అన్నారు: "కండక్టర్ గారూ, మీరు వెనక నుంచి తలలు లెక్కపెట్టుకుంటూ వస్తున్నారు. వెనక సీటు మనిషి లేచి ముందు సీటుకి పోయాడు. అప్పుడేమవుతుంది?"

"రెండుసార్లు లెక్కల వస్తడు సార్. నాకు మస్తుసార్లు అయింది."

"ఇక్కడా అంతే. హైడ్రోజన్ సీటు మారుతుంది, పదార్థం అదే. కంప్యూటరు చాలావాటిని పట్టుకుంటుంది. కొన్నింట్లో మాత్రం మీలాగే రెండని రాసేస్తుంది."

పోయినేడు వానకాలంల సార్ ఒక కాయితం ఇచ్చారు. రెండు బొమ్మలను ఎర్ర పెన్సిల్‌తో కలిపి, కింద రాశారు: "ఈ రెండూ ఒకటే. సాఫ్ట్‌వేర్ మాట మీద సంతకం పెట్టకు. మీ పైవాళ్లకు చెప్పు." అందులో ఒకటి కంపెనీ పరీక్షల్లో మందుగా పనికిరాదని ముందే తేలిందట. రెండోదాన్ని కొత్తదనుకొని మళ్లీ మొదలుపెడతారని, కాయితం జాగ్రత్త అని మరీమరీ చెప్పారు.

వాపస్ వచ్చేటప్పుడు నాకు భయం పట్టుకుంది. బిడ్డ నౌకరి ఇంకా పర్మినెంట్ కాలేదు. అంత పెట్టి కొన్న కంప్యూటర్‌ది తప్పంటే ఇంటికి పొమ్మంటరేమో. కాయితం టికెట్ల పెట్టె అడుగున పెట్టిన. సార్ అన్నీ బాగనే ఉన్నయన్నరని చెప్పిన. బిడ్డ సంతకం పెట్టింది.

ఆ తర్వాత నేను కోదాడకు పోయినప్పుడల్లా సార్ బెంచీ చివరకు జరిగి నాకు చోటిచ్చి, అమ్మాయి ఏమంది అని అడిగేవారు. పనిల ఉంది సార్ అనేవాన్ని. మూడోసారి కాయితం ఊసెత్తలేదు. "అమ్మాయి బాగుంది కదా?" అన్నారు, అంతే.

పోయిన ఆదివారం బిడ్డ ఇంటికొచ్చింది. అదే జతను ఆమె మళ్లీ చేత్తో గీసి తనంతట తనే పట్టుకుందట. పైవాళ్లు కోపం చేయలేదట, పని ఆపించి, ఇగ నుంచి కంప్యూటర్ చూసినంక నువ్వు చూడు అన్నరట. నా సంబురానికి హద్దు లేదు, వాడకట్టంతా తిరిగి చెప్పొచ్చిన. మళ్లీ ఇంట్లకు వచ్చేసరికి బిడ్డ నెమ్మదిగా అన్నది: "కాని నాయినా, సార్ ఇది ఎట్ల చూడలేదు? పాపం, వయసు మీద పడ్డది. ఇగ ఆయనను తకలీఫ్ పెట్టొద్దు."

ఆ రాత్రి నేను పండలేదు. పొద్దున్నే ఆ కాయితం జేబుల పెట్టుకొని, కోవా తీసుకొని కోదాడకు పోయి, ముందు సార్ కాళ్లు పట్టుకొని, తర్వాత బిడ్డకు చెప్దామనుకున్న. ఫోన్ వచ్చింది.

ఇద్దరం బస్సెక్కినం. మునగాల దాటినంక జేబులకెళ్లి ఆ కాయితం తీసి బిడ్డ చేతిల పెట్టిన. ఆమె ఎర్ర గీత మీద వేలు పెట్టి, ఈ బొమ్మ నుంచి ఆ బొమ్మకు పోనిచ్చింది.

"సార్ చూసిండు" అన్నది. నా దిక్కు చూడలేదు.

చదివే మీకు కూడా నేను చెప్పాలనుకున్నది అదే. సార్ చూశారు. ఆయన కంటికి వయసు మీద పడలేదు. దాచింది నేను.

కోదాడల దిగినంక చూస్తే కోవా డబ్బా నా చేతిలనే ఉంది, ఎందుకు తెచ్చిన్నో తెలవదు. ఆ బెంచీ మీద మనుషులు ఇరుక్కొని కూర్చున్నరు. నన్ను చూసి ఎవరో పెద్దాయన జరిగి, చివరకు జానెడు చోటు చేసిండు. కూర్చోబుద్ధి కాలేదు. డబ్బా ఆ చోట్ల పెట్టి బిడ్డ వెనకాల నడిచిన.