డబ్బా నిండుకున్న శనివారం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో భయపడటమే నా అసలు పని. ఆఫీసు పని మధ్యలో తీరిక దొరికినప్పుడు చేసేదాన్ని. అమెరికాలో, ప్లేనోలో ఉన్న అక్కా బావల ఇంట్లో మేడమీద గది నాది. ఉద్యోగం కాంట్రాక్టుది. మా మేనేజర్ మంచివాడే గానీ, నెలాఖరు వచ్చేసరికి "లెట్స్ సీ నెక్స్ట్ మంత్" అని ఒక చిరునవ్వు నవ్వేవాడు. ఆ నవ్వుకి అర్థం వెతుక్కోవడంతోనే నాకు నెలంతా గడిచిపోయేది. కారు శబ్దం చేస్తే భయం, చేయకపోతే మరీ భయం. ఇలాంటి పిరికిగొడ్డు పేకాటలోకి దిగిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ నన్ను అందులోకి దింపింది కూడా ఆ భయమే. ఒకరోజు ఫోన్‌లో పోకర్ గురించి ఏదో చదువుతుంటే ఒక సూత్రం కంటపడింది. ఆట కోసం పక్కన పెట్టుకున్న డబ్బులో ఇరవయ్యో వంతుకి మించి ఎప్పుడూ బల్ల దగ్గరికి తీసుకెళ్ళకూడదట. మంచి ముక్కలు పడితే ఆడాలట, లేకపోతే పడేసి కూర్చోవాలట. అలా చేస్తే చిన్న మొత్తమైనా నెమ్మదిగా పెరుగుతుందట. పిరికితనాన్నే తెలివి అని పిలిచే ఆట ఒకటి ఈ లోకంలో ఉందని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్క ప్రాణం మాత్రం ఉసూరుమంది. "పోకర్ అని స్టైల్‌గా చెప్తే అది పేకాట కాకుండా పోతుందా? మన ఇంటా వంటా ఉందా అది?" అని ఒక పూట మాట్లాడలేదు. చివరికి బావ మధ్యవర్తిత్వం చేశాడు. (బావ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. తెలుగంటే మహా ఇష్టం. విన్న ప్రతి మాటనీ ఆ రోజే ఎక్కడో ఒకచోట వాడేసేవాడు.) ఒప్పందం ఏమిటంటే, నా జీతంలోంచి ఒక్కసారి రెండు వందల డాలర్లు తీసి వంటింటి అలమరలో పాత బిస్కెట్ల డబ్బాలో వేయాలి. ఆడితే అందులోంచే ఆడాలి. డబ్బా ఖాళీ అయిన రోజున ఆట బంద్, మళ్ళీ పేక ముట్టనని ఒట్టు. ఇంకో షరతు, దీపం పెట్టాక వంటింట్లో డబ్బు లెక్కపెట్టకూడదు. దీపం పెట్టాక డబ్బు ఎవరికీ ఇవ్వకూడదనేది అందరూ అనేదే. లెక్క కూడా పెట్టకూడదన్నది మా అక్క సొంతంగా చేర్చుకున్నది. అందుకని శనివారం ఆట ముగించుకుని వచ్చి, ఉన్నది ఉన్నట్టు డబ్బాలో కుక్కేసి, మళ్ళీ శనివారం పొద్దున్నే లెక్క చూసుకునేదాన్ని.

ఆట మా వీధి చివర గ్యారేజ్ అంకుల్ ఇంట్లో. ఆయన కార్లు బయట ఎండలో పెట్టి, గ్యారేజ్‌లో బల్ల, నాలుగు కుర్చీలు, ఒక పెద్ద ఫ్యాను పెట్టారు. మనిషికి పది డాలర్లు. అంకుల్స్ అందరూ రమ్మీలో పుట్టి పెరిగినవాళ్ళు. పోకర్ ఆడుతూ కూడా "ఇందులో జోకర్ లేకపోవడం పెద్ద లోటోయ్" అని బాధపడేవారు. చేతికొచ్చిన ముక్కని పడేయడమంటే వాళ్ళకి ప్రాణం ఒప్పదు. "తర్వాత ఏం తిరుగుద్దో చూడకుండా ఎట్టా పడేస్తామమ్మా?" అనేవారు గ్యారేజ్ అంకుల్. నేనేమో పడేయడమే పనిగా కూర్చునేదాన్ని. ఫోల్డ్, ఫోల్డ్, మళ్ళీ ఫోల్డ్. రెండో వారానికల్లా నాకు మడతకాజా అని పేరు పెట్టేశారు. నాకు కోపం రాలేదు సరికదా, బిరుదిచ్చినట్టు పొంగిపోయాను.

ఎందుకంటే డబ్బా పెరుగుతోంది. ఓడి వచ్చిన వారాల తర్వాత కూడా లెక్క చూస్తే తగ్గకపోగా కాస్త పెరిగే ఉండేది. కంగారులో తప్పు లెక్కేసుకుని ఉంటానులే అనుకునేదాన్ని. (ఆఫీసులో నా పని వేరేవాళ్ళ లెక్కల్లో తేడాలు పట్టుకోవడం!) నిజం చెప్పాలంటే నాకు కావలసింది డాలర్లు కాదు. ఉద్యోగం మేనేజర్ చేతిలో ఉంది, ఇల్లు అక్కది, కారు బ్యాంకుది. నా జాగ్రత్తతో, నా చేతుల్లో పెరుగుతున్నది ఆ డబ్బా ఒక్కటే. అది ఖాళీ అయితే పేకాట పోవడం సంగతి అలా ఉంచి, నేనెందుకూ పనికిరానని తేలిపోతుందనిపించేది.

ఆ శనివారం మధ్యాహ్నం నాకు రెండు రాజులు పడ్డాయి. అంతకంటే గొప్ప జత రెండు ఆసులు ఒక్కటే. అప్పటికే నా పది నలభై అయి ఉంది. గ్యారేజ్ అంకుల్ ఒకసారి మీసం సవరించుకుని తన ముందున్నదంతా మధ్యలోకి తోసేశారు. వారాల తరబడి నేను కాచుక్కూర్చున్నది ఇలాంటి అవకాశం కోసమే. ఇక నా నలభై కూడా తోసి ఒప్పుకోబోతుండగా ఫోన్ మోగింది, బావ. ఇంట్లో ఏమైందోనని ఎత్తాను.

"హేయ్, నీ డబ్బా నిండుకుంది! ఇప్పుడే ఓపెన్ చేసి చూశాను. అక్క ఇంకా చూడలే. నువ్వు త్వరగా రా!"

నా గుండె జారి చెప్పుల్లో పడింది. డబ్బా నిండుకుందా! పొద్దున లెక్క చూసినప్పుడు బానే ఉందే? ఎవరు తీశారు? దొంగలా? బావే ఏదో అవసరానికి తీసి, నా దగ్గర మాట మారుస్తున్నాడా? అక్క చూస్తే ఇవాళ్టితో ఆట ఆఖరు. ఇంతకాలం ఇరవయ్యో వంతు అనుకుని తెచ్చుకున్నది ఇప్పుడు నా మొత్తం ఆస్తి. ఇది పట్టుకెళ్ళి డబ్బా అడుగున వేస్తే కనీసం ఖాళీ అనిపించుకోదు కదా! ఫోన్ పెట్టేశాను. "ఏమ్మా, ఇంట్లో అంతా బానే ఉన్నారా?" అన్నారు అంకుల్. "ఉన్నారండీ" అని రెండు రాజుల్నీ బోర్లా పడేశాను. ఆయన తన ముక్కలు తిప్పి చూపించారు. జాకీ, నాలుగు. "ఊరికే తోశానమ్మా, నువ్వెట్టాగూ మడిచేస్తావని!" అంటే గ్యారేజ్ అంతా ఘొల్లుమంది.

ఇంటికి నడిచినంతసేపూ ఏడుపు ఆపుకుంటూనే ఉన్నాను. తలుపు తీసేసరికి బావ ఎదురొచ్చాడు, చేతిలో డబ్బా. దాని మూత పట్టక పైకి లేచిపోయి ఉంది. లోపల నోట్లు కుక్కి కుక్కి ఉన్నాయి. "చూడు! నిండుకుంది! ఫుల్!" అని మెరిసిపోతున్నాడు.

"బావా, నిండుకుంది అంటే అయిపోయిందని!"

"వాట్? నిండు అంటే ఫుల్ కదా? అయిపోతే నిండుకుంది అని ఎవరంటారు?"

లోపల్నుంచి అక్క కేక. "ఓహో, అందుకా! పొద్దున్న బియ్యం నిండుకున్నాయి, తీసుకురండి అంటే, 'ఆసమ్' అని నవ్వి వెళ్ళిపోయారు!"

నేను నేలమీదే కూలబడి నోట్లు లెక్కపెట్టాను. దీపం పెట్టడానికి ఇంకా టైముంది. ఎలా లెక్కేసినా, పొద్దున్నకంటే చాలా ఎక్కువ తేలింది. ఆట దగ్గర్నుంచి తెచ్చింది ఇంకా నా చేతిలోనే ఉంది, డబ్బాలో ఎక్కువెలా వస్తుంది? తలెత్తి, వంటింటి గుమ్మంలోకి వచ్చిన అక్క వంక చూశాను. అక్క పోపు గరిటె వంక చూసింది.

"నాకు డబ్బా అడుగు కనపడితే భయమే. వంటింట్లో ఏదీ ఖాళీ పడకూడదు. శనివారం నువ్వు మొహం వేలాడేసుకుని వస్తే, తర్వాత ఓ ఇరవై పడేసేదాన్ని. నవ్వుతూ వస్తే వేసేదాన్ని కాదు. ఇవాళ నువ్వు వెళ్ళేటప్పుడే మొహం అదోలా ఉంది, అందుకని ముందే వేశా."

బావ ఉలిక్కిపడ్డాడు. "వెయిట్, నువ్వు కూడానా? నేను కూడా వేస్తున్నా! ఇవాళ కూడా వేశా, అప్పుడే కదా ఫుల్ అయింది!"

అప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. నా క్రమశిక్షణ, నా ఇరవయ్యో వంతు, నేను పడేసిన అన్ని ముక్కలూ, ఆ రెండు రాజులతో సహా, అన్నీ ఉత్తవేనా? అందులో నేను గెలిచింది ఎంత, వీళ్ళు వేసింది ఎంత అని అడిగితే ఇద్దరికీ గుర్తు లేదు. కాసేపు అరిచాను. తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. అక్క గరిటె పక్కన పెట్టి వచ్చి నా పక్కనే నేలమీద కూర్చుంది. బావ మాత్రం బియ్యం తెస్తానని చల్లగా జారుకున్నాడు.

మళ్ళీ శనివారం వచ్చింది. ఇక ఆడకూడదనే అనుకున్నాను గానీ, డబ్బా ఖాళీ కాలేదు కాబట్టి ఒప్పందం ప్రకారం ఆట బంద్ కాలేదు. మూత తీసి, ఉన్నదంతా లెక్కపెట్టి, పద్ధతిగా అందులో ఇరవయ్యో వంతు తీసుకున్నాను. చెప్పులేసుకుంటుంటే వంటింట్లోంచి అక్క గొంతు వినపడింది. "ఇంకో ఇరవై పట్టుకెళ్ళవే! అంత పెద్దవాళ్ళ మధ్య పిసినారిదానిలా ఏం బావుంటుంది?"

"రూల్ ఒప్పుకోదక్కా" అని గీరగా తలెత్తుకుని వెళ్ళిపోయాను. నెలనెలా "లెట్స్ సీ" అన్నమాటకి వణికిపోయే ఆ పిల్లకి, తన వెనకాల ఎంత డబ్బా ఉందో ఇంకా అర్థం కాలేదు. ఇప్పుడైతే వెనక్కి వెళ్ళి ఆ ఇరవై తీసుకునేదాన్ని. ఓడిపోయినా సరే.