అక్క లాప్‌టాప్‌లో దేవుని కృప

నాకు ఎర్రర్ చదివే ఓపిక లేదు. ఈ మాట ఆత్మకూరు కాలేజీలో నా దగ్గర కంప్యూటర్ నేర్చుకునే పిల్లలు వింటే పడీ పడీ నవ్వుతారు. రోజుకు పదిసార్లు నేను వాళ్ళను తిట్టేది ఆ విషయానికే. "అది ఏం చెబుతుందో ముందు చదవండయ్యా" అని గొంతు చించుకుంటాను. నా దాకా వస్తే మాత్రం చివరి వరుస మీద ఒక చూపు పడేసి, మిగతాదంతా నాకు తెలుసులే అనుకుంటాను. చెప్పేవి శ్రీరంగ నీతులన్నమాట. మొన్న ఎండాకాలం సెలవుల చివర, ఉదయగిరిలో అక్క ఇంట్లో, ఈ బుద్ధే నాకు పట్టపగలు చుక్కలు చూపించింది.

అక్క టీచరు. ఉదయగిరి కొండకు అవతల ఒక పల్లెలో, చిన్న బడిలో ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతోంది. చిన్నప్పుడే తనకు రేచీకటి ఉండేది. సాయంత్రం ప్రార్థన అయ్యాక నా భుజం పట్టుకుని ఇంటికి నడిచేది. నేను కావాలనే గుంటలున్న వైపు నడిపించి, తను తూలితే నవ్వేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. తర్వాత తర్వాత చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వచ్చింది. ఇప్పుడు బోర్డు మీద తను రాసింది తనకే కనిపించదు, పుస్తకంలో అక్షరాలు అసలే ఆనవు. పాత పాఠాలన్నీ నోటికి వచ్చు కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. పుస్తకాలు మారేసరికి చిక్కొచ్చింది.

తెర మీద ఉన్న రాతను పైకి చదివే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరికితే అక్క లాప్‌టాప్‌లో పెట్టాను. కానీ దాని తెలుగు గొంతు ఒత్తులన్నీ మింగేసేది. నోట్లో గోలీ పెట్టుకుని మాట్లాడే మనిషిని వింటున్నట్టు ఉండేది. అక్క రెండు రోజులు విని మూసేసింది. ఆ గొంతును ఎవరో మహానుభావుడు బాగుచేసి నెట్‌లో పెట్టాడని తర్వాత తెలిసింది. అయితే నొక్కగానే ఎక్కే రూపంలో లేదు. ఉత్త సోర్సు కోడ్. వడ్లు ఇచ్చి, బియ్యం మీరే ఆడించుకోండి అన్నట్టు. ఆ ఆడించే మరను మా వాళ్ళు బిల్డ్ టూల్స్ అంటారు. విండోస్‌లో దాన్ని నిలబెట్టడానికి పట్టే ఓపిక నాలో ఏ రోజూ లేదు. చూద్దాంలే అని నెల రోజులు జరిపాను.

అప్పుడు బావ ఫోన్ చేశాడు.

"మీ అక్క రిటైర్‌మెంట్ అర్జీ రాయించినాదిరా. నా చేతనే టైపు చేయించినాది. లాప్‌టాప్‌లోనే ఉండాది, తేదీ ఒక్కటే వెయ్యలేదు. గురువారం బడి తెరస్తారు. నీ గొంతేదో ఆలోపల వస్తే సరి. లేకుంటే ఇచ్చేస్తాదంట."

"నాతో ఒక్క మాట చెప్పలేదే?"

"నీ మీద బరువు పెట్టడం ఎందుకని. నేను చెప్పినట్టు తెలియనీయబాక."

ఆ పూట అన్నం సయించలేదు. అక్కకు బడి తప్ప వేరే లోకం లేదు. పిల్లలు లేని మనిషి.

మా కాలేజీ కంప్యూటర్లలో కొత్తది ఎక్కించే అధికారం నాకు లేదు. కావలసినవన్నీ అక్కడే పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని శనివారం మొదటి బస్సులో ఉదయగిరి వెళ్ళాను. ఎనిమిదిన్నరకల్లా అక్క ఇంటి వరండాలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మధ్యాహ్నానికి ముగించి వస్తానని ఇంట్లో చెప్పాను కూడా.

మొదటి కమాండ్ కొట్టగానే అలాంటిదేదీ నాకు తెలియదంది విండోస్. నేను ఎక్కించిన టూల్ ఎక్కడుందో దాని చిరునామా విండోస్ వెతికే జాబితాలో లేదు. జాబితాలో చేర్చాను. అయినా తెలియదంది. కమాండ్లు కొట్టే ఆ నల్ల కిటికీని తెర మీద మూసి మళ్ళీ తెరిస్తే తప్ప కొత్త చిరునామా దానికి ఎక్కదని నేనే పిల్లలకు చెబుతాను. అరగంట తర్వాత గుర్తొచ్చింది. ఆ తర్వాత కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ లేదంది. ఎక్కించేటప్పుడు ఒక గడిలో టిక్కు పెట్టడం మరిచాను. మళ్ళీ ఎక్కించాను. పదకొండుకల్లా ఈ గండాలన్నీ దాటి అసలు పని మొదలైంది. నాలుగు వరుసలు కదిలి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అక్కడే. అన్నీ తీసేసి మొదటి నుంచి ఎక్కించాను. అన్నం తిని వచ్చి కొట్టాను. అక్కడే.

విండోస్‌ను, దాన్ని చేసినవాణ్ణి, వాడి వంశాన్ని కలిపి తిట్టడం మొదలుపెట్టాను. అక్క పక్కనే పీట మీద కూర్చుని చేట నిండా వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"ఏందిరా ఆ అరుపులు? అది ఏం చెప్తా ఉండాదో చదువు."

"ఫెయిల్ అయిందంట."

"అది ఆఖరు మాట. నేనడిగింది మొదటి నుండి. మా మూడో తరగతోళ్ళు ఇంతే, లెక్క సగం చదివి జవాబు రాసేస్తారు. చదువు, పైకి చదువు."

అక్కకు కనపడదు కాబట్టి నేను చదవక తప్పలేదు. లేకుంటే ఈ జన్మలో చదివేవాణ్ణి కాదు. "ఈ ఫైలు తెరవలేకపోయాను అంటా ఉండాది. సి డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత ఏవో ప్రశ్నార్థకాలు..."

"ఎన్ని?"

"ఎన్నయితే ఏందక్కా?"

"లెక్కపెట్టరా."

"ఆరు. ఒక ఖాళీ. మళ్ళీ మూడు."

"అక్కడ ఉండాల్సింది ఏంది?"

అక్కడ ఉండాల్సింది ఏమిటో నాకు బాగా తెలుసు, ఎందుకంటే రాసింది నేనే.

మా ఇళ్ళలో కొత్తది ఏది వచ్చినా ముందు దాని మీద 'దేవుని కృప' అని రాయాలి. మా నాయన కొత్త ఇంటి గుమ్మం మీద సిమెంటు ఆరకముందే రాయించాడు. బావ ఆటో కొన్నప్పుడు అద్దం మీద రాయించాడు. నోటుపుస్తకం మొదటి పేజీలో అది రాయకుండా ఒక్క లెక్క కూడా చేయనిచ్చేది కాదు అవ్వ. లాప్‌టాప్ కొన్న రోజు అది మొదట అడిగింది పేరు. నీ పేరు పెట్టనా అంటే, నా పేరెందుకురా, దేవుని కృప అని పెట్టు అంది అక్క. తెలుగులో టైపు చేయడం వచ్చునని చూపించుకోవడానికి నేనూ ముచ్చటపడి తెలుగులోనే కొట్టాను. ఆ పేరుతోనే విండోస్ తన ఫోల్డర్ కట్టుకుంది. అక్క దాచుకునేవన్నీ అందులోనే ఉంటాయి, నేను పెట్టిన సోర్సు కోడ్‌తో సహా. తెలుగు రాని ఈ టూల్స్ ఆ పేరు దగ్గరికి రాగానే, అక్షరానికొకటి, దాని గుణింతానికొకటి చొప్పున ప్రశ్నార్థకాలు పెట్టి చేతులెత్తేస్తున్నాయి.

ఎలా చెప్పాలో తెలియక తిన్నగానే చెప్పేశాను. "అక్కా, దేవుని కృప అడ్డం వచ్చినాది."

అక్క ముందు తెల్లబోయింది. విషయం విడమరచి చెప్పాక చేట పక్కన పెట్టి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది.

"కృప అడ్డం రాలేదురా. గుమ్మం మీద రాయాల్సింది తీసుకొచ్చి గడప మీద రాసినావు. అందరూ తట్టుకుని పడతా ఉండారు."

"మరి మార్చేస్తా. నీ పేరు పెడతా."

"నువ్వు చెయ్యి పెట్టావంటే ఊరుకోను. అది అట్లే ఉండనీ. నువ్వు పక్కన నడువు."

మార్చినా ప్రయోజనం లేదు, పేరు మారినా ఫోల్డర్ మారదు. పక్కనే నడిచాను. సి డ్రైవ్‌లో నేరుగా ఇంగ్లీషు అక్షరాలతో ఒక ఫోల్డర్ చేసి కోడ్ అంతా అందులోకి తెచ్చాను. కొట్టాను. మళ్ళీ ఆగింది. అరవడానికి నోరు తెరిచి, అక్క వైపు చూసి, మూసుకున్నాను. ఈసారి ఎవరూ అడగకుండానే మొదటి వరుస నుంచి పైకి చదివాను. మళ్ళీ ఆరు, ఖాళీ, మూడు. పని నడిచేటప్పుడు తాత్కాలికంగా రాసుకునే చిత్తు ఫైళ్ళు ఇంకా అక్క ఫోల్డర్‌లోకే పోతున్నాయి. వాటికీ బయట ఒక చోటు చూపించాను.

అప్పుడు నడిచింది. వరుసల మీద వరుసలు కదిలాయి. ఎంత శాతం అయిందో నేను చదువుతుంటే అక్క కాయలు ఒలుస్తూ ఊ కొట్టింది. నూరు అనగానే ఒలవడం ఆపింది. తయారైన గొంతును లాప్‌టాప్‌లో పెట్టేసరికి నాలుగయింది.

"ఏదన్నా చదివించు" అంది.

అక్క ఫోల్డర్‌లో తెలుగులో ఉన్నది ఒకే ఒక్క ఫైలు. అదేమిటో నాకు తెలుసు, నాకు తెలుసని అక్కకు తెలియదు. నెట్‌లోంచి ఒక కీర్తన తెస్తానన్నాను.

"ఎందుకు? ఉండాది గదా ఒకటి. అదే పెట్టు."

పెట్టాను. గొంతు నిదానంగా మొదలుపెట్టింది. గౌరవనీయులైన మండల విద్యాశాఖాధికారి గారికి. నా కంటి చూపు క్షీణించినందున, ఇకపై బోధనా విధులు నిర్వర్తించలేనని తెలియజేసుకుంటున్నాను. లోపలి నుంచి వస్తున్న బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇరవై రెండేళ్ళు, పిల్లలు, కృతజ్ఞతలు, అన్నీ చదివింది. ఆఖరున తేదీ అని ఆగింది. తర్వాత చదవడానికి ఏమీ లేదు. ఈ మాటలన్నీ అక్క ఒక్కతే ఎన్నాళ్ళు మనసులో మోసిందో అనిపించింది.

అక్క ఒళ్ళోని పొట్టు దులుపుకుంది.

"ఒత్తులన్నీ పలికినాదిరా. నిర్వర్తించడం కూడా పలికినాది."

"దాన్ని తీసేసేదా అక్కా?"

"ఉండనీ, ఎప్పటికైనా కావాల్సిందే. తేదీ వెయ్యలేదు గదా" అంది. "మూడో తరగతి తెలుగు కొత్త పుస్తకం దాంట్లోకి తెస్తావా? గురువారానికి నాకు రెండు పాఠాలన్నా రావాల. మొదటి నుండి పెట్టు."