మా ఇంటి పేరంటాలు ఓబులమ్మక్క

దయ్యాల మాట ఎత్తితే మా నాయన నవ్వేవాడు. ఆళ్ళగడ్డ దగ్గర మా చేను. జొన్న కంకి పట్టిందంటే కోతలయ్యేదాకా ఆయన పడక మంచె మీదనే. "ఇన్నేండ్లు ఈడ పండుకుంటాండా. ఒక్క దయ్యమన్నా వచ్చి, చేన్లో పందులు పడినాయి లెయ్యప్పా అని చెప్పలేదే!" అనేవాడు. నేను ఆయన కూతుర్ని. ఇప్పుడు రాయబోయేది జరిగేదాకా అటువంటివి నేనూ నమ్మలేదు. జరిగిన తర్వాత కూడా నమ్ముతున్నానని గట్టిగా చెప్పలేను. జరిగింది మాత్రం చెప్పగలను.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, మా పాప దగ్గర. ఈ సంగతిలో ఆ పాప పుట్టుక కూడా ఉంది. అందుకే వేరేవాళ్ళ చేత రాయించకుండా నేనే రాస్తున్నాను.

నా పెళ్ళి 1953లో అయింది. నాకు పదహారేళ్ళు. ఆయనకు అది రెండో పెళ్ళి. మొదటి భార్య పేరు ఓబులమ్మ. పద్దెనిమిదేళ్ళకే కాన్పులో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. మాకు చెప్పింది అంతవరకే.

మొగుడు బతికుండగా పసుపు కుంకుమలతో పోయిన ఆడది మా వైపు ఆ ఇంటికి పేరంటాలవుతుంది. అంటే ఇంటి దేవత. తర్వాత వచ్చిన భార్య ఆమె పేరు మీద చిన్న బిళ్ళ చేయించి తాళి పక్కన గుచ్చుకోవాలి. సవతి బిళ్ళ అంటారు. ఇంట్లో ఒక బుట్టలో ఆమెకు చీర, రవిక, గాజులు, దువ్వెన పెట్టి ఉంచాలి. కొత్త చీర కట్టుకున్నా, పూలు పెట్టుకున్నా, గాజులు వేసుకున్నా ముందు ఆ బుట్ట దగ్గర పెట్టి ఆ తర్వాతే మనం తీసుకోవాలి. అది తప్పితే ఆమెకు కోపం వస్తుందని, కడుపు నిలవనివ్వదని పెద్దవాళ్ళు అనేవాళ్ళు.

పెళ్ళిపీటల మీదనే ఆ బిళ్ళ నా మెడలో పడింది. బుట్ట నాతోనే నంద్యాలకు వచ్చింది.

మా ఆయన నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ మీదుగా చాగలమర్రికి పోయే బస్సుకు డ్రైవరు. ఒక రాత్రి ఇంట్లో ఉంటే ఒక రాత్రి చాగలమర్రిలో పడక. మేము బాడుగకు ఉన్నది ఒక మట్టి మిద్దె. ఒక గది, దానికి ఆనుకొని వంటిల్లు, కిటికీలు లేవు. వెలుతురు కోసం పైన మిద్దెకే మనిషి పట్టేంత కంత వదిలారు. గవాచి అనేవాళ్ళం. వాన వస్తే దాని మీద రేకు కప్పేవాళ్ళం.

నేను పదిమందితో పాటలు పాడుకుంటూ కలుపు తీసిన పిల్లను. నంద్యాలలో ఇన్ని వీధులు, ఇంతమంది జనం ఉన్నా నాతో మాట్లాడే మనిషి లేదు. ఆయన బస్సుకు పోయాక తలుపు గడియ వేసుకుంటే, గవాచిలోంచి పడిన ఎండ బిళ్ళ నేల మీద ఒక గోడ నుంచి ఇంకో గోడకు జరగడం చూస్తూ కూర్చునేదాన్ని. అలా ఉండగా బుట్టతో మాట్లాడడం అలవాటయింది.

"అక్కా, ఈ పొద్దు గోంగూర తెచ్చినా. పులుపు ఎక్కువైతే తింటాడా ఆయప్ప? నీకు తెల్సుంటాది గదా."

జవాబు వచ్చేదని నేను చెప్పడం లేదు. ఎప్పుడూ రాలేదు. నాకు పూనకాలు కూడా లేవు. గదిలో వినే మనిషి ఒకరు ఉన్నట్టు ఉండేది, అంతే. ఆ వయసులో నాకు అది చాలా పెద్ద సంగతి.

పక్కింట్లో ఒక టీచరమ్మ ఉండేది. క్రైస్తవులు. మిషను బడిలో చిన్న పిల్లలకు చెప్పేది. బక్కగా ఉండేది గానీ నోరు మాత్రం గట్టిది. నా మాటలు ఆమెకు గోడ అవతలకు వినిపించేవట.

"ఏమ్మే, సవతితో ఇంత పొందికగా మాట్లాడేదాన్ని నిన్నే చూస్తాండా. బతికుంటే ఈపాటికి ఇద్దరూ జుట్లు పట్టుకునుందురు!" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆమె బడికి పోయేది. మళ్ళీ ఇల్లు అలాగే ఉండేది.

రెండుసార్లు నాకు కడుపు వచ్చి పోయింది. రెండోసారి మా అత్త రుద్రవరం నుంచి చూడడానికి వచ్చి, బుట్ట వైపు చూస్తూ, "దానికి దక్కనిది నీకు దక్కనిస్తాదా?" అంది. ఆ మాటకు నేను అక్క మీద కోపం తెచ్చుకోలేకపోయాను. అయితే ఆ రోజు నుంచి బుట్ట ముందు పూలు పెట్టి, ఏమైనా తక్కువైందేమో అని రెండుసార్లు చూసుకునేదాన్ని.

1957లో మూడోసారి నిలబడింది. ఏడో నెలలో గాజులు తొడగడానికి మా అమ్మ నన్ను ఆళ్ళగడ్డకు పిలిపించింది. తప్పు అక్కడ జరిగింది. బుట్ట నంద్యాలలో ఉంది. కనీసం ఒక జత గాజులు అక్క పేరు మీద పక్కన పెట్టి తర్వాత నాకు తొడగాలి. నేను ఆ మాట అంటే మా అమ్మ వినలేదు.

"బతికినోళ్ళకు తొడిగేటప్పుడు సచ్చినోళ్ళ పేరెందుకే? చెయ్యి చాపు" అని రెండు చేతులకూ నిండుగా తొడిగించింది. పుట్టింటివాళ్ళకు ఆ బిళ్ళ అంటే మొదటినుంచీ గిట్టదు. తమ బిడ్డ మెడలో ఇంకొకరి చావు వేలాడుతున్నట్టు వాళ్ళకు ఉండేది.

మొదటి కాన్పు అక్కడే కావలసింది. అయితే మా వదినకూ నెలలు నిండుతున్నాయి. ఒకే కప్పు కింద రెండు కాన్పులు పనికిరావని మా నాయనమ్మ పట్టుబట్టింది. దాంతో నెలలు నిండేముందు నన్ను మళ్ళీ నంద్యాల పంపించారు. మా ఆయన తోలే బస్సులోనే, ముందు సీట్లో కూర్చుని వచ్చాను. ఆయన దారి పొడుగునా గుంత వచ్చిన చోటల్లా వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికి రాగానే కొత్త గాజులు ఒక జత తీసి బుట్ట ముందు పెట్టి, "అక్కా, అమ్మకు తెలీదు. మనసులో పెట్టుకోవాకు" అన్నాను. ఖాళీ ఇంట్లో మాట్లాడితే మాట గోడకు తగిలి తిరిగి వస్తుంది. అప్పుడు నా మాట అలాగే వచ్చింది. నాలుగేళ్ళలో ఆ గదిలో అలా అనిపించడం అదే మొదటిసారి. వినే మనిషి లేదు.

గాజుల సంగతి మా అత్తకు తెలిసింది. ఆమె వచ్చి వాకిట్లోనే కూర్చుంది. ఇంట్లోకి రాలేదు.

"తప్పు చేసినాక ఇంగ దాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. రెండు మింగింది. దీన్నీ మింగుతాది. ఆ బుట్ట, మెడలో బిళ్ళ, రెండూ కాలవలో కలిపేసి రండి. బిడ్డ కావల్లనా, అది కావల్లనా?" అంది. అట్లా చెప్పి, కాన్పు నాటికి వస్తానని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

మా ఆయన లేచి బుట్ట దగ్గరికి పోయి, ముట్టుకోకుండానే వెనక్కి వచ్చాడు. తర్వాత, "నా చేత్తో నేను పారెయ్యలేను. నువ్వే పోయిరా" అన్నాడు. నా వైపు చూడలేదు. ఆయనకు ఆమె భార్య. ఆ సంగతి నాకు అప్పుడే నిజంగా తెలిసింది.

మరునాడు ఆయన బస్సుకు పోయాక బుట్ట నడుముకు ఆనించుకొని కాలువకు నడిచాను. పొద్దు నడినెత్తికి వస్తోంది. చాకలివాళ్ళు గుడ్డలు ఆరేసుకుంటున్నారు. నీళ్ళు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. మెట్టు మీద కూర్చుని బుట్ట మూత తీశాను. మడత పెట్టిన చీర మీద నేను పెట్టిన గాజులే ఉన్నాయి. లోపల బిడ్డ కదిలింది.

బిడ్డ మీద ఆశ ఎంతుందో నాకు తెలుసు. రెండు పోగొట్టుకున్నదాన్ని. అయినా ఆ చీర నీళ్ళ మీద తేలిపోవడం తలుచుకుంటే చేతులు రాలేదు. అక్క పుట్టింటివాళ్ళు ఆమెను మరిచిపోయారు. మొగుడు పేరు పలకలేకపోతున్నాడు. అత్త మింగుతుందంటోంది. ఆమెను అక్కా అని పిలిచేది లోకంలో నేనొక్కదాన్ని. ఆమె కోపంగా ఉంటే ఉండనీ అనుకున్నాను. మూత పెట్టి, బుట్ట ఎత్తుకొని ఇంటికి వచ్చేశాను.

బుట్ట గూట్లో పెట్టి తలుపు గడియ వేసుకున్నాను. కాసేపటికే నొప్పులు మొదలయ్యాయి. మొదట నడక వల్లే అనుకున్నాను. గడియ దగ్గరికి పోదామని లేచేసరికి కాళ్ళు పట్టు తప్పి నేల మీద కూలబడ్డాను. కేక వేశాను. టీచరమ్మ బడిలో ఉంది. వీధిలో ఎవరికీ వినిపించలేదు.

ఎంతసేపు అయిందో తెలియదు. నా వీపు వెనక ఎవరో కూర్చున్నారు. కాన్పుకు సాయం పట్టే ఆడవాళ్ళు కూర్చున్నట్టే, మోకాళ్ళు నా రెండు పక్కలకూ తెచ్చి, రెండు చేతులతో నా జబ్బలు గట్టిగా పట్టుకున్నారు. నా వీపుకు దొరికిన ఆ ఆసరా నాకు ఇప్పటికీ గుర్తుంది. వెచ్చగా ఉంది. ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె కూడా నాతోపాటు ఊపిరి బిగబడుతోంది. టీచరమ్మ వచ్చిందనుకున్నాను. ధైర్యం వచ్చింది.

నొప్పి ఇక ఓర్చుకోలేనంత అయినప్పుడు వెనక నుంచి చిన్న గొంతు, పిల్ల గొంతు, నా చెవి దగ్గర అంది:

"ఈడిదాకా నాకు తెల్సు. ఈడ్నుంచి నాకూ తెలీదు. నువ్వే పోవల్ల."

చేతులు వదిలాయి. వీపు వెనక చల్లగా అయిపోయింది. ఆ తర్వాత నేను ఒక్కదాన్నే. అంత ఒంటరితనం ముందుగానీ తర్వాతగానీ నేను ఎరగను. ఎలా పోయానో తెలియదు, పోయాను. పాప ఏడుపు వినిపించింది.

బడి వదిలి ఇంటికి వచ్చిన టీచరమ్మ ఆ ఏడుపు విని తలుపు బాదింది. నేను లేవలేకపోయాను. ఆమె తన ఇంటి వెనక నిచ్చెన ఎక్కి, మిద్దె మీద నుంచి మా గవాచిలో దూరి, చీర గోచీ పెట్టుకొని లోపలికి దూకింది. "ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషిని, దొంగ మాదిరి మిద్దె దిగినానే నీకోసం!" అంటూనే తలుపు గడియ తీసి మంత్రసానికి కబురు పంపింది. గడియ లోపలి నుంచి వేసి ఉండడం ఆమె చేత్తో తీసి చూసింది. రాత్రి వానకు కప్పిన రేకు గవాచి మీద అలాగే ఉంది, ఆమే జరిపింది.

ఒళ్ళు తుడుస్తూ టీచరమ్మ నా జబ్బల దగ్గర ఆగిపోయింది. రెండు జబ్బల మీదా ఎర్రగా వేళ్ళ అచ్చులు. ఆమె నా ముందు కూర్చుని తన చేతులు వాటి మీద ఆనించింది, సరిపోలేదు. నా వెనక్కి పోయి కూర్చుని పెట్టింది, వేళ్ళు పడిన తీరు సరిపోయింది. కాకపోతే తన వేళ్ళ కన్నా ఆ అచ్చులు కొంచెం చిన్నవి.

"నీ చేతుల్తో నువ్వు ఇట్ల పట్టుకోలేవు గదమ్మే," అంది నెమ్మదిగా. "ఎవరొచ్చినారు?"

నేను చెప్పాను. ఆమె నవ్వలేదు. నొప్పుల్లో మతి నిలకడగా ఉండదని, లేనివి వినిపిస్తాయని చెప్పింది. మళ్ళీ ఆ అచ్చుల వైపే చూసి, కళ్ళు మూసుకొని వాళ్ళ ప్రార్థన చేసుకుంది. కొన్నాళ్ళకు అవి నీలంగా మారి, పసుపు పచ్చబడి, పోయాయి.

మా అత్త వచ్చి పాపను ఒళ్ళో వేసుకుంది. బుట్ట గూట్లోనే ఉండడం చూసింది. నేనే అడిగాను, ఓబులమ్మక్క కాన్పు ఎలా జరిగిందని. అంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆమె పాప తల నిమురుతూ చెప్పింది. "కంది కోతలమ్మే. అందరం చేన్లోనే ఉండాము. ఇంకా దినాలున్నాయిలే అనుకున్నాము. సాయంత్రం వచ్చి చూస్తే గోడకు ఆనుకొని కూచోనుండాది. ఊపిరి లేదు. బిడ్డ సగం దావలోనే నిల్చిపోయినాది. ఎనకాల కూచోని పట్టుకునే దిక్కు గూడా లేకపాయె దానికి." అని చీర చెంగు మొహానికి పెట్టుకుంది. కాలువ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ సంగతి ముందే ఎక్కడో నా చెవిన పడి, మనసులో ఉండిపోయి, ఆ నొప్పిలో అలా వినిపించిందేమో అని ఎన్నోసార్లు ఆలోచించాను. కావచ్చు. మరి జబ్బల మీద అచ్చులకు ఏమి చెప్పాలో తెలియదు. టీచరమ్మ ఊరు మారి వెళ్ళిపోయేటప్పుడు కూడా, "మా దేవుని మీద ఆన, నేను చూసినా" అంది.

ఆ కాన్పు తర్వాత అక్క ఉన్నట్టు నాకు ఎన్నడూ అనిపించలేదు. అయినా చెప్పడం మానలేదు. పాప సమర్తాడిన రోజు నువ్వుల చిమ్మిలి ముందు అక్కకే పెట్టి, పిల్ల ఎంత భయపడిందో చెప్పాను. పెళ్ళి చేసి పంపిన రోజు ఇల్లు ఎలా ఉందో చెప్పాను. నాకు నెలసరి ఆగిపోయినప్పుడు, ఇంకెవరికీ చెప్పుకోలేక, ఒళ్ళంతా సెగలు వస్తాయక్కా అని ఆమెకే చెప్పాను. ఆయన పోయాక తాళి తీసేశారు. బిళ్ళ నేనే తీసి బుట్టలో పెట్టాను. ఆమె ఎప్పటికీ ముత్తైదువే, ఎప్పటికీ పద్దెనిమిదేళ్ళదే. నా మనవరాలి కన్నా చిన్నది. ఆమె చూడని దారంతా నేను నడిచి వచ్చాను గనక, అది ఎలా ఉంటుందో చెప్పవలసింది నేనే.

వింటోందో లేదో తెలియదు. ఆ పొద్దు నా వెనక కూర్చున్నది ఎవరో కూడా తెలియదు. తల తిప్పి ఒక్కసారి చూసి ఉంటే తెలిసేదేమో. కానీ బిడ్డ వస్తున్నప్పుడు ఏ ఆడదీ వెనక్కి తిరిగి చూడలేదు.