శవాలకు గొంతిచ్చిన మా వదిన

మా వదిన వృత్తి అరవడం. ఇంట్లో కాదు, డబ్బింగ్ థియేటర్లో. ఇంట్లో ఆ పని మా అమ్మ చూసుకుంటుంది.

సినిమాలో హీరోయిన్ కొండ మీంచి జారిపడితే, మాటలు చెప్పేది ఇంకెవరో గానీ కేక మాత్రం మా వదినది. శవం చుట్టూ పదిమంది ఆడవాళ్లు గుండెలు బాదుకుంటుంటే ఆ పదిమందీ మా వదినే. పురిటి నొప్పులు, పక్కింటి తగాదాలు, పెళ్లిలో గుసగుసలు, అన్నీ ఆమే. సౌండ్ ఇంజినీరు ఆమెను 'ఏడుపక్క' అంటాడు. ఆమె నొచ్చుకోదు. "ఏ పేరైతేనేం, పిలుస్తున్నారు కదా" అంటుంది.

ఆ ఇంజినీరే ఒకరోజు ఫోన్ చేసి జాంబీ సినిమా ఉందన్నాడు. చచ్చినవాళ్లు లేచొచ్చి బతికున్నవాళ్లను కరుస్తారు, కరిపించుకున్నవాళ్లు వాళ్లలో కలిసిపోతారు, మిగిలిన హీరో అందరినీ కాల్చిపారేస్తాడు. అదీ కథ.

"మగ శవాలకు వేరే మనిషి ఉన్నాడక్కా. ఆడ శవాలన్నీ నీవే."

వదిన బాత్రూంలో సాధన మొదలుపెట్టింది. మా అన్నయ్యది లిఫ్టులు బాగుచేసే పని. ఆ సాయంత్రం పనిముట్ల సంచితో గుమ్మంలోకొచ్చి, లోపలి చప్పుడు కాసేపు విని, "పళ్లు తోముకుంటోందా?" అని అమ్మనడిగాడు.

"కాదురా, చచ్చిపోతోంది. నువ్వు కాళ్లు కడుక్కుని భోంచెయ్" అంది అమ్మ.

డబ్బింగ్ రోజున వదిన గాజులు, పట్టీలు, ఒంటిమీద చప్పుడు చేసేవన్నీ తీసి సంచిలో పడేసి, గోరువెచ్చని నీళ్ల సీసా పక్కన పెట్టుకుని మైకు ముందు నిలబడింది. తెర మీద ఒక ముసలావిడ మెట్ల మీద ఊగుతూ నోరు తెరిచింది. వదిన హెడ్‌ఫోన్ తీసేసింది.

"బాబూ, ఈవిడకేం కావాలి?" అని డైరెక్టర్ని అడిగింది.

"ఎవరికండీ?"

"ఈ ముసలావిడకి. మూలుగుతోంది కదా. ఆకలా, నొప్పా?"

"చచ్చిపోయిందండీ ఆవిడ."

"సరే, చచ్చిపోయింది. ఇప్పుడేం కావాలి?"

డైరెక్టర్ ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు పైకప్పు వైపు చూశాడు. "నీ ఇష్టం అక్కా, కానియ్" అన్నాడు.

వదిన తనకు తోచినట్టే చేసింది. చీకటి పడ్డా ఇల్లు చేరని మనిషిని, ఇరుగుపొరుగు వినకుండా గుమ్మంలో నిలబడి పిలిచినట్టు మూలిగింది. ఇంజినీరు పల్లీలు నమలడం ఆపేశాడు. రెండో టేకు అడగలేదు.

మిగిలిన ఆడ శవాలకు సాయంత్రం దాకా మూలిగి ఇంటికొచ్చేసరికి గొంతు పోయింది. వారంపాటు సైగలతోనే సంసారం. "ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు" అని అన్నయ్య నోరు జారాడు. వదిన దానికీ సైగతోనే జవాబిచ్చింది. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

సినిమా విడుదలయ్యాక నలుగురం వెళ్లాం. నిజం చెప్పాలంటే మొదటి సగం బాగుంది. ఒకే అపార్ట్‌మెంటు, ఆగిపోయిన లిఫ్టు, మెట్ల నిండా శవాలు. పక్కవాళ్లు తలుపు సందులోంచి చూసి మళ్లీ గడియ పెట్టుకోవడం అచ్చం మా వరుస ఇళ్లవాళ్లలాగే ఉంది. హీరో అక్క ఒక చేత కుక్కరు మూత, ఇంకో చేత ఇస్త్రీపెట్టె పట్టుకుని మూడంతస్తులు దిగుతుంటే హాలంతా ఈలలే. లిఫ్టు తలుపు మధ్యలోంచి వేళ్లు బయటికి రాగానే, రోజూ ఆ తలుపులతోనే బతికే మా అన్నయ్య కాళ్లు సీటు మీదికి లాక్కున్నాడు.

అప్పుడు ముసలావిడ వచ్చింది. ఆ మూలుగుకి ఈలలు ఆగిపోయాయి.

మా అమ్మకు కాస్త చెవుడు, అందుకని ఏం చెప్పినా ఊరంతా వినేట్టు చెబుతుంది. అలాంటిది, ఎప్పుడూ లేంది, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయ్, అది నువ్వే కదూ?"

"అవునత్తయ్యా" అంది వదిన, ఆమె చెవి దగ్గరకు వంగి.

"ఎవర్ని పిలుస్తోంది?"

"ఎవరో ఇంకా ఇంటికి రాలేదు."

అమ్మ ముక్కు చీదుకుంది. ఇంతలో హీరో వచ్చి ముసలావిడ నుదుటి మీద కాల్చాడు. "వీడికేం పోయేకాలం" అంది అమ్మ, ఈసారి హాలంతటికీ వినపడేలా.

రెండో సగం గురించి ఎంత తక్కువ చెబితే అంత మర్యాద. హీరోకి ఒక తుపాకీ దొరికింది, దానికి గుళ్లు అయిపోవడమనే జబ్బు లేదు. అప్పటిదాకా గుర్రాల్లా పరుగెత్తిన శవాలు, తగలబడిన కార్ల మధ్య హీరో హీరోయిన్ పాట పాడుకుంటుంటే వీధి చివర బుద్ధిగా నిలబడ్డాయి. లోకమంతా నాశనమైనా హీరోయిన్‌కు షాంపూ మాత్రం దొరుకుతోంది. తెల్లకోటు శాస్త్రవేత్త జబ్బు ఎలా పుట్టిందో చెబుతూనే ఉన్నాడు, అన్నయ్య ఒక కునుకు తీసి లేచినా చెబుతూనే ఉన్నాడు. మందు హీరో రక్తంలోనే ఉందట. ఇంకెవరి రక్తంలో ఉంటుంది. ఆఖరి యుద్ధంలో డప్పులు ఎంత మోగించారంటే, వదిన గొంతు పోగొట్టుకుని మూలిగినదంతా వాటి కింద నలిగిపోయింది.

పేర్లు పడుతున్నప్పుడు మేం లేవలేదు. చీపురు పట్టుకున్నతను మా వరస దాకా వచ్చాడు. డ్రైవర్ల పేర్లు వచ్చాయి, వంటవాళ్లవి వచ్చాయి, కుక్కకు తర్ఫీదిచ్చినాయన పేరు కూడా వచ్చింది. వదినది రాలేదు.

"కుక్కపాటి చేయలేదా నువ్వు?" అని అన్నయ్య మండిపడ్డాడు.

"ఆ కుక్క నిజంగానే బాగా చేసిందండీ" అంది వదిన. బయటికొచ్చాక మాత్రం గోడ మీది పోస్టరులో పేర్లన్నీ ఇంకోసారి చదివింది.

రెండు రోజులకు పేపర్లో సమీక్ష వచ్చింది. వృద్ధ జాంబీ మూలుగు విదేశీ శబ్ద పరిజ్ఞానానికి నిదర్శనమని రాశారు. అన్నయ్య పేపరువాళ్లకు ఫోన్ చేయబోయాడు. "ఊరుకోండి, ఇన్నేళ్లకు నన్ను విదేశం పంపింది వాళ్లే" అని వదిన ఫోన్ లాక్కుంది.

ఊరుకోనిది మా అమ్మ. తర్వాతి వారం వరుస ఇళ్ల ఆడవాళ్లందరినీ పోగేసి, వదినను ముందు నడిపించుకుంటూ మళ్లీ సినిమాకు తీసుకెళ్లింది. ముసలావిడ మూలిగినంతసేపూ తెరను చూడలేదు, ఒక్కొక్కరి మొహమే చూసింది. విశ్రాంతికి దీపాలు వెలగగానే అందరినీ లేపింది.

"ఇంకా సగం ఉందమ్మా" అన్నాడు గేటు దగ్గర మనిషి.

"ఆ సగం మీరే ఉంచుకోండి నాయనా" అని చెప్పి, మా అమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ఎదురుగా ఉన్న టీ కొట్టు వైపు రోడ్డు దాటించింది.