పాలు పోసినట్టు వేసే బంతి

మా గుడియాత్తం కాలనీలో బాస్కెట్‌బాల్ గురించి తెలియనివాడు లేడు. ఆడడం తెలిసినవాళ్ళు మాత్రం కొద్దిమందే. మిగిలినవాళ్ళమంతా గట్టు మీద కూర్చుని ఆట నేర్పేవాళ్ళం. మేస్త్రీలు, సెంట్రింగ్‌వాళ్ళు, పెయింటర్లు, నాలాగా బిల్డరు దగ్గర స్టోరు చూసుకుని రిటైరైనవాళ్ళు, అందరమూ ఇళ్ళు కట్టే పనిలో బతికినవాళ్ళమే. ఇల్లు కట్టేవాడికి లోకంలో తెలియని విషయం ఉండదు. పక్కవాడు కట్టిన గోడ వంకర అని చూడకుండానే చెప్పగలడు.

ఈ గురువులందరికీ పెద్ద గురువు నా బావమరిది. పేరున్న మేస్త్రి, ఇప్పుడు పని మానేశాడు. ఆట స్థలం ఆయన చేతిమీదుగానే తయారైంది. మొదట ఇనుప స్తంభం నాటించి, నేల మీదినుంచి పది అడుగులు తానే టేపుతో కొలిచి రింగు బిగించాడు. అప్పుడు కింద ఉన్నది ఉత్త మట్టి. కొన్ని నెలల తరువాత పళ్ళికొండ దగ్గర ఒక కల్యాణ మండపం పనిలో కాంక్రీటు మిగిలితే, పారబోయడం ఎందుకని లారీని మా కాలనీకి తిప్పారు. ఆటకు నాలుగంగుళాల మందం చాలు. కానీ పోసేది మేస్త్రీలు, పోసుకునేది సొంత కాలనీలో. “పల్చగా పోస్తే నలుగురు నవ్వరా?” అని ఒకరు. “రేపు లారీ ఎక్కినా పగలకూడదప్పా” అని ఇంకొకరు. బాస్కెట్‌బాల్ ఆడే చోటికి లారీ ఎందుకెక్కుతుందని ఎవరూ అడగలేదు. మందంగా పోశారు, నున్నగా రుద్దారు. ఆ రోజు నా డైరీలో నేను కూడా ‘ఘనమైన పని’ అనే రాసుకున్నాను.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. రింగు దగ్గరికి వచ్చినవాడు బంతిని రెండు విధాలుగా వేయవచ్చు. రెండడుగులు వేసి, వెనకున్న పలకకు బంతిని ఆనించి మెల్లగా రింగులోకి జారవిడిస్తే అది లేఅప్. గాల్లోకి ఎగిరి, రింగు పైనుంచి బంతిని లోపలికి బలంగా దించితే అది డంక్. మా వాళ్ళు దాన్ని గుద్దు అంటారు. రెండింటికీ పాయింట్లు రెండే. చప్పట్లు మాత్రం అన్నీ గుద్దుకే.

మా కాలనీ జట్టులో పొడగరులు ఇద్దరు. ఒకడు నా కూతురి కొడుకు, టైల్స్ పరిచే పని. ఇంకొకడు బావమరిది మనవడు, ఫాల్స్ సీలింగ్ పని. ఒకడి బతుకు నేల మీద, ఇంకొకడి బతుకు పైకప్పు కింద. ఆట కూడా అలాగే ఉండేది. సీలింగ్ కుర్రాడు బంతి దొరికితే చాలు, ఎగిరి గుద్దేవాడు. గుద్ది, రింగు పట్టుకుని కాసేపు వేలాడి, గట్టు వైపు చూసి దిగేవాడు. నా మనవడు రెండడుగులు వేసి, బంతిని పలకకు తాకించి, వచ్చిన పని అయిపోయినట్టు వెనక్కి పరుగెత్తేవాడు.

బావమరిదికి అది కంటికి ఆనేది కాదు.

“థూ! ఏమిరా అది? పొయినోళ్ళకు పాలు పోసినట్ల పోస్తావు!” అని గట్టు మీదినుంచి అరిచేవాడు. సమాధి మీద పాలు పోసేవాళ్ళు కూడా అంత మెల్లగా పోయరని పక్కవాళ్ళు అందుకునేవాళ్ళు. అలా నా మనవడి లేఅప్‌కు కాలనీలో ‘పాలు పోయడం’ అనే పేరు స్థిరపడింది.

మా వాళ్ళ రుచి నాకు కొత్త కాదు. మేం కట్టే ఇళ్ళు చూడండి. ముందర రెండు స్తంభాలు, స్తంభాల మీద సింహాలు, బంగారు రంగు. వెనక బాత్రూములో నీళ్ళు కారుతుంటాయి. చూసేవాడు ముందరినుంచే కదా చూస్తాడు. గుద్దు కూడా ఇంటి ముందర చేసే ఎలివేషన్ లాంటిదే.

ఒకనాడు మనవణ్ణి నేనే అడిగాను. “నువ్వు కూడా ఎగరగలవు కదరా, వాళ్ళ నోరు మూయించడానికైనా ఒకసారి గుద్దరాదా?”

వాడు మోకాలికి నూనె రుద్దుకుంటున్నాడు. “గుద్దినా రెండే, వేసినా రెండే తాతా. పైన యాలాడేటప్పుడు కింద ఎవుడు వచ్చి నిలబడతాడో తెలీదు. చెయ్యి ఇరిగితే రేపు టైల్సు ఎవురు పరుస్తారు, నువ్వా?” అన్నాడు. నూనె సీసాకు మూత బిగిస్తూ, “ఈడ ఎగిరేదంతా లెక్క కాదులే” అని నవ్వాడు. ఆ ముక్క నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ మోకాళ్ళే మా ఇంటి బెంగ. రోజంతా గొంతుక్కూర్చుని టైల్స్ పరిచి పరిచి, పెళ్ళీడు రాకముందే, పనినుంచి వచ్చిన రాత్రి మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకునే స్థితికి వచ్చాడు. ఈ పని ఇలాగే చేస్తే ఎక్కువ కాలం నడవదని వేలూరులో డాక్టరు మొహం మీదే చెప్పాడు. అలాంటి సమయంలో ఒక చెప్పుల ఫ్యాక్టరీవాళ్ళు తమ జట్టులోకి ఒక ఆటగాణ్ణి తీసుకుంటామన్నారు. ఆటతోపాటు పర్మనెంటు ఉద్యోగం, నిలబడి చేసే పని. వేలూరులో మ్యాచ్ పెట్టి, చూసి ఎంచుకుంటారు. మా కాలనీనుంచి ఇద్దరూ వెళ్ళారు. ఉద్యోగం మాత్రం ఒక్కటే. నా కూతురు ఆ వారమంతా వాడితో ఒక్క మాటా గట్టిగా మాట్లాడలేదు. ఏదైనా అంటే మోకాలు విరుగుతుందేమో అన్నంత భయం.

గురువులందరం వ్యాను కట్టుకుని బయలుదేరాం. కే.వి.కుప్పం దాటేదాకా బావమరిది నా మనవడికి ఉపదేశం చేస్తూనే ఉన్నాడు.

“రేయ్ నాయనా, చూసేది పెద్ద పెద్ద ఆపీసర్లు. ఆడ పోయి పాలు పోసినావంటే పాల డిపోలో వేస్తారు ఉద్యోగం. గుద్దాల! ఏం, తెలిసిందా?”

“సరి తాతా.”

“సరి అంటాడు, చెయ్యడు. బావా, నువ్వైనా చెప్పు.”

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆట సగం దాటాక నా మనవడికి బంతి దొరికింది. ముందర ఒక్కడూ లేడు, ఖాళీ కోర్టు. మా గట్టు మొత్తం లేచి నిలబడి, “గుద్దు! గుద్దు రా!” అని అరిచింది. వాడు రెండడుగులు వేసి, బంతిని పలకకు ఆనించి, లోపలికి జార్చి వెనక్కి పరుగెత్తాడు. “పోసినాడప్పా పాలు!” అని బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. అవతల ఫ్యాక్టరీవాళ్ళు ఏదో మాట్లాడుకున్నారు.

కాసేపటికి సీలింగ్ కుర్రాడికి అదే అవకాశం వచ్చింది. వాడు తాతకు తగ్గ మనవడు. పరుగెత్తుకుంటూ వచ్చి, కాలనీలో ఎక్కడ ఎగురుతాడో సరిగ్గా అక్కడే ఎగిరాడు. అంతే ఎత్తు ఎగిరాడు. బంతి రింగు ముందంచుకు తగిలి, మా తలల మీదుగా వెళ్ళి టీ కొట్టు దగ్గర పడింది. వాడు చేతి మీద పడ్డాడు. ఎముక విరగలేదు, మణికట్టు మాత్రం వాచింది. కట్టు కట్టించుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

ఆట అయ్యాక ఫ్యాక్టరీ ఆఫీసరు నా మనవణ్ణి పిలిచి, ముందర ఎవరూ లేనప్పుడు కూడా ఎందుకు డంక్ చేయలేదని అడిగాడు. మేం దగ్గర్లోనే ఉన్నాం. వాడు తల గోక్కుని, “రేపు ఆర్కాడులో పని ఉండాది సార్” అన్నాడు.

ఆఫీసరు నవ్వాడు. రేపటి పని గుర్తుపెట్టుకునే మనిషే మాకు కావాలన్నాడు. ఉద్యోగం నా మనవడికి వచ్చింది. నా కూతురికి ఫోను చేస్తే అవతలినుంచి ఏడుపు వినిపించింది.

తిరుగు దారిలో పళ్ళికొండ దగ్గర పరోటాలకు ఆగాం. బావమరిది రెండో పరోటా దగ్గర తీర్పు చెప్పాడు. “వేలూరోళ్ళు రింగు ఎత్తుగా పెట్టినారు. మోసం.” గురువులందరూ తలలూపారు. అనుమానం ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున్నే నేను టేపు తీసుకుని మా కోర్టుకు వెళ్ళాను. కాంక్రీటు మీదినుంచి రింగు దాకా కొలిచాను. పది అడుగులకు జానెడు తక్కువ. మట్టి మీదినుంచి కొలిచి రింగు బిగించాం, ఆ తరువాత మట్టి మీద లారీ ఎక్కేంత నేల పోశాం. ఏ ఇంటికైనా నేల మందం వదులుకుని తలుపు ఎత్తు లెక్కవేసే మేస్త్రీలం, సొంత ఆటకు ఆ లెక్క మరిచిపోయాం. మా వాళ్ళందరూ ఇన్నేళ్ళు గాల్లోకి ఎగిరింది ఎగరడం కాదు. మేమే వాళ్ళ కాళ్ళ కింద ఎత్తు వేశాం.

మనవణ్ణి అడిగాను. “నీకు తెలుసా?”

“మునుపు వేలూరుకు టైల్సు పనికి పోయినప్పుడు ఆడ ఆడి చూస్తే తెలిసింది తాతా. చెప్తే మాత్రం? రింగును పైకి ఎత్తుతారా, నేలను కిందికి దించుతారా?”

వాడి మాటే నిజమైంది. గట్టు మీద నేను విషయం చెప్పేసరికి బావమరిది నా టేపు లాక్కుని చూశాడు.

“పాత టేపు బావా. సాగిపోయింది.”

“ఇనుప టేపు సాగుతుందా?”

“ఎండకు అన్నీ సాగుతాయి.”

రింగు పైకి జరుపుదామని ఒకరన్నారు. అప్పుడు గుద్దేదెవరు అని ఇంకొకరు అడిగారు. నేలను పగలగొడదామంటే, అది మా చేత్తో పోసిన నేల, పగలదు. చివరికి అందరూ కలిసి ఆలోచించి, కోర్టు బాగానే ఉందని తేల్చారు.

ఇప్పుడు నా మనవడు ఆదివారాలు ఫ్యాక్టరీ బనీను వేసుకుని వస్తాడు. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం లేదు. ఆటలో రెండడుగులు వేసి బంతిని పలకకు ఆనిస్తాడు. “ఉద్యోగం వచ్చినా పాలు పోసే బుద్ధి పోలేదు!” అని బావమరిది అరుస్తాడు. మణికట్టు నయమైన సీలింగ్ కుర్రాడు ఎగిరి గుద్దుతాడు. గట్టు మొత్తం చప్పట్లు కొడుతుంది.

మొన్న ఆట ముగిశాక బావమరిది నా పక్కన చేరి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“బావా, ఆ ఫ్యాక్టరీలో ఇంకొకరిని తీసుకుంటారంట కదా.”

“విన్నాను.”

“నీ మనవడితో ఒక మాట చెప్పు. ఆ పాలు పోసేది ఏందో, మావోడికి కొంచం నేర్పించమను.” నేను కోర్టు వైపు చేయి చూపేలోగా గబగబా అన్నాడు. “ఈడ వద్దు బావా, వేలూరులో. ఈడ ఎవురన్నా చూస్తే బాగుండదు.”