బట్టలు ఆరని గురువారాలు

యేవ్లే ఊరి కాగితం మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్ళు మరమ్మతు పని చేసిన సిక్స్టెన్‌కి ఒక పేరుండేది. అక్కడ ఏ యంత్రం ఆగినా ఫోర్‌మన్ ముందు దాని పక్కన నిలబడ్డ మనిషి మీద విరుచుకుపడేవాడు. సిక్స్టెన్ రెంచీ పట్టుకుని యంత్రం కిందికి దూరి, అరిగిన బేరింగో తెగిన తీగో పట్టుకొచ్చి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టి, తప్పు మనిషిది కాదు, దీనిదీ అనేవాడు. అలా ఎంతమంది ఉద్యోగాలు నిలబెట్టాడో. నిజం చెప్పాలంటే, ఒకటి రెండుసార్లు తప్పు మనిషిదే. అప్పుడు కూడా ఎక్కడో ఒక అరిగిన ముక్క దొరికేది. అంత మంచివాడు, అంత మొండివాడు.

అలాంటివాడికి డెబ్భై ఎనిమిదో ఏట బట్టలారబెట్టే డ్రైయర్ ఒకటి ఎదురు తిరిగింది.

సిక్స్టెన్ వాళ్ళుండే భవనంలో ఇరవై నాలుగు ఇళ్ళకీ కలిపి కింద సెల్లార్లో ఒకటే లాండ్రీ గది. ఎవరి వంతు వాళ్ళు గోడ మీది బోర్డులో ముందే గుర్తు పెట్టుకోవాలి. సిక్స్టెన్, అతని భార్య గుడ్రున్‌ల వంతు గురువారం పది నుంచి ఒంటిగంట దాకా. పెళ్ళాన్ని వదిలేసినవాణ్ణయినా ఆ భవనంలో క్షమిస్తారేమో గానీ, వంతు దాటాక డ్రైయర్లో బట్టలు వదిలేసినవాణ్ణి మాత్రం క్షమించరు.

సెప్టెంబరు నుంచి వాళ్ళ బట్టలు ఆరడం మానేశాయి. నలభై నిమిషాల పని రెండు గంటలైంది, మూడు గంటలైంది. గది తలుపు మీద చీటీలు మొదలయ్యాయి, మహా మర్యాదగా, పేర్లు లేకుండా. భవన సంఘం పెద్ద హోకన్ మెట్ల దగ్గర కలిసి, మిగతా వాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదండీ, మీకొక్కరికే ఇలా అవుతోందీ అన్నాడు. సిక్స్టెన్ ఒంటికాలి మీద లేచాడు. ఎవరి బట్టలో చూసి పాడయ్యే యంత్రాన్ని తన జన్మలో చూడలేదన్నాడు.

ఆ సంగతి కూతురు అన్నెలీకి ఫోన్లో చెప్పుకుంటే, "బట్టలు వేసేది అమ్మే కదా నాన్నా," అంది.

సిక్స్టెన్ ఫోను పెట్టేశాడు. ఆ మాట ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. అమ్మ అడిగిందే మళ్ళీ అడుగుతోందనీ, నీళ్ళు లేని కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టిందనీ, డాక్టరుకి చూపించమనీ అన్నెలీ వేసవి నుంచి పోరుతోంది. వయసన్నాక మరుపు రాదా అని అతను తోసేస్తున్నాడు. ఇప్పుడు అంతా ఆ డ్రైయర్ మీదికొచ్చి నిలబడింది. పాడైంది అదే అయితే గుడ్రున్‌కి ఏమీ లేనట్టే. అలా తేల్చుకున్నాడు.

పైగా వేరే ఏ పనో అయితే సరేగానీ, గుడ్రున్‌కి బట్టల పని దగ్గరా మరుపు? ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి. తన వంతు రోజున మొగుణ్ణి ఆ గది గడప తొక్కనిచ్చేది కాదు. నువ్వు మడతపెట్టిన దుప్పటి చూస్తే మీ అమ్మ కూడా ఏడుస్తుంది పొమ్మనేది. చివర్లో బుట్ట మోయడానికి మాత్రం పిలిచేది.

అందుకని మిగతా రోజుల్లో, గది ఖాళీ చూసుకుని దిగేవాడు. డ్రైయర్లో నూగు పట్టే జల్లెడ కడిగాడు. యంత్రం ముందుకి లాగి, వెనక వేడిగాలి పోయే గొట్టం విప్పితే సగం బకెట్ నూగు వచ్చింది. దొంగ దొరికాడన్నంత సంబరంతో మెట్లెక్కాడు. ఆ గురువారమూ మూడు గంటలే పట్టింది. వేడి పుట్టించే కాయిల్ చూశాడు, బాగుంది. బెల్టు మార్చాడు. ఓ మంగళవారం తన తువ్వాళ్ళే తడిపి, నీళ్ళు పిండి వేస్తే ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో కరకరలాడాయి. ఇంకొకడైతే అక్కడితో అర్థం చేసుకునేవాడు. సిక్స్టెన్ మాత్రం గురువారాలు కరెంటు తక్కువగా వస్తోందేమోనని పుస్తకంలో రాసుకున్నాడు.

నవంబర్లో ఒక గురువారం, వద్దంటున్నా వినకుండా ఆమె వెంట దిగి, మూల స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ గదిలో వాషింగ్ మెషిన్లు పాతవి, ఉతుకుతాయే గానీ నీళ్ళు పిండవు. ఉతికినవి పక్కనున్న స్పిన్నర్లో వేసి ఐదు నిమిషాలు తిప్పాకే డ్రైయర్లో వెయ్యాలి. ఆ భవనంలో చిన్న పిల్లలకీ తెలిసిన సంగతి. గుడ్రున్ దుప్పట్లు తీసింది. నీళ్ళు ధారగా కారుతున్నాయి. స్పిన్నర్ ముందు నుంచే నడిచి వెళ్ళి, వాటిని అలాగే డ్రైయర్లో వేసి, బటన్ నొక్కి, చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన కూర్చుంది. పని బాగా జరిగిన మొహంతో కూర్చుంది.

 అలవాటు కొద్దీ సిక్స్టెన్ కళ్ళు అరిగిన ముక్క కోసం వెతికాయి. ఏమీ కనిపించలేదు. లేచి, డ్రైయర్ ఆపి, దుప్పట్లు తీసి స్పిన్నర్లో వేశాడు. నీళ్ళు బడబడా కాలవలోకి పోయాయి. ఆ చప్పుడుకి ఆమె తలెత్తింది. చాలాసేపు చూసింది.

"అందులో వెయ్యలేదు కదూ నేను," అంది.

"దీని మూత సరిగా పడట్లేదులే. వదులైంది."

"ఫోర్‌మన్‌కి చెప్పినట్టే నాకూ చెబుతావా సిక్స్టెన్? ఎన్నాళ్ళ నుంచి వెయ్యట్లేదు నేను?"

అతను స్పిన్నర్ మూతే నొక్కి చూస్తూ నిలబడ్డాడు.

"నలభై మంది ఆడపిల్లలకి నేర్పాను ఈ పని. పిండకుండా వేస్తే చేతి మీద ఒక్కటిచ్చేదాన్ని." ఆమె తన చేతుల వంకే చూసుకుంది. సిక్స్టెన్ ఏడుస్తున్నాడు. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో అతను ఏడవడం ఆమె చూడటం అది రెండోసారి. "అన్నెలీకి ఫోన్ చెయ్యి," అంది. "ఎందుకు చేస్తున్నామో నాకు గుర్తుండగానే చెయ్యి."

చేశాడు. అవతల అన్నెలీ ఏమైంది నాన్నా, ఏమైందీ అని అడుగుతూనే ఉంది.  గుడ్రున్ అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.

"డ్రైయర్ బాగానే ఉంది తల్లీ," అంది.