చావని ప్రోగ్రాము

మా ఆయన పని కాపలా. గేటు దగ్గర కాదు. ఒక పార్సిళ్ల కంపెనీ సర్వర్లలో తెర వెనక నడిచే ప్రోగ్రాములు బతికున్నాయో లేదో చూస్తుంటారు. ఏదైనా చస్తే లేపాలి. కొత్తలో ఆయన ఫోన్లో "పొద్దున్న చచ్చింది సార్, లేపేశాను" అంటుంటే విని మా అమ్మ బెంబేలెత్తిపోయింది.

అదే ఆఫీసులో మా చెల్లెలి మొగుడు చేరాక ఆయనకు అన్నం సహించడం మానేసింది. పార్సిలు బయల్దేరగానే కొన్నవాళ్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాము అతను రాసిందే. కాపలా బృందానికి పెద్దగా ఈ ఇద్దరిలో ఒకరిని వేస్తారని తెలిసినప్పటి నుంచి మా ఆయన ధ్యాసంతా ఆ ప్రోగ్రాము మీదే. గంటకోసారి దాని పేరు కొట్టి వెతికేవారు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో నిక్షేపంగా కనిపించేది.

"ఒక్కసారైనా చావదేంటే అది? రాసినవాడిలాగే మొండిఘటం."

"చావకపోతే మీకు మంచిదేగా. మీరు కాపలా కాసేది అందుకేగా."

"నీకేం, మీ మరిది పార్టీ."

చచ్చినదాని మీద పడి ఏడవడం లోకంలో ఉన్నదే. బతికుందని ఏడ్చింది మా ఆయనొక్కరే.

ఆదివారం అమ్మ ఇంట్లో భోజనాలు. అమ్మ చిన్నల్లుడికి ముందు కూర మారు వడ్డించడం కూడా ఆయన లెక్కలోకి వెళ్లింది. అంతలో ఆఫీసరు ఫోను. వారం నుంచి ఎవరికీ మెసేజ్‌లు వెళ్లడం లేదట. మా ఆయన మొహం వెలిగింది. ఎడంచేత్తోనే లాప్‌టాప్ తెరిచి పేరు కొట్టారు. వెలుగు ఆరిపోయింది.

"బతికే ఉంది సార్."

మరిది పక్కనుంచి తొంగిచూసి, గొంతు తగ్గించి అన్నాడు. "అన్నయ్యా, అది ఎప్పుడో పోయింది. మీరు వెతకమని కొట్టిన లైన్లోనే దాని పేరుంది కదా. అలా వెతకడమూ నడుస్తున్న ప్రోగ్రామే, జాబితాలో కనబడేది ఆ లైనే."

అంటే ఇన్నాళ్లూ ఈయన "ఎవరూ?" అని కేకేసి, "నేనే" అని తనే పలుకుతున్నారన్నమాట.

"మరి ఇన్ని రోజులూ ఎవరూ చూడలేదా?" ఫోన్లో ఆఫీసరు గొంతు పెరిగింది. మరిది ఫోను అందుకున్నాడు.

"నా ప్రోగ్రామే సార్. ఆగితే చెప్పేలా నేనే రాసుండాల్సింది. తప్పు నాది."

మా ఆయన కంచంలో మెతుకులు ఏరుకుంటూ కూర్చున్నారు. రేపటి నుంచి కాపలా బృందాన్ని అతన్నే నడిపించమని ఆఫీసరు చెప్పడం మా అందరికీ వినిపించింది.

ఇంటికొచ్చే దారంతా ఆయన పళ్లు నూరుతూనే ఉన్నారు. "చూశావా వాడి తెలివి? నన్ను వెనకేసుకొచ్చి మార్కులు కొట్టేశాడు. ఆ అవకాశం కూడా వాడికే దొరకాలా?"

నాకు మా చెల్లెలి మీద, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒళ్లు మండిపోయేంత కుళ్లు పుట్టింది.